అచ్చంగా ఇక్కడి మేజోళ్ళు

ఏడో నెల, పాడ్యమి

మొదలుపెట్టేశాను! దయ్యాల నెల మొదటి రోజున కొత్త వ్యాపారం మొదలుపెట్టిన మనిషి షెతౌ ఊరు మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఈ నెలంతా పాతాళం తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. ‘మంచి అన్నదమ్ములు’ వీధుల్లో తిరుగుతుంటారు (వాళ్ళని దయ్యాలు అనకూడదు, నొచ్చుకుంటారు). పెళ్ళిళ్ళు ఉండవు. ఇల్లు మారరు. బండి కొనరు. యంత్రం అమ్మరు.

ఆ చివరిదే నాకు కలిసొచ్చింది. జిన్‌యే అత్త తన మేజోళ్ళ కార్ఖానా అమ్మేస్తోంది. కార్ఖానా అంటే ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో అల్లిక యంత్రాలు, ముందు వరండాలో మేజోడు కొస మూసే వేళ్ళ కుట్టు మిషను, దాని వెనక కుర్చీలో మా అత్త. పాత యంత్రాలు కొనే లియు బేరం ఖాయం చేసుకున్నాడు గానీ ఈ నెల వెళ్ళేదాకా వాటిని తాకనన్నాడు. వచ్చే నెల పాడ్యమికి లారీ తెస్తాడు. అందాకా నాకు టైముంది. తాయ్‌చుంగ్‌లో నేను ప్రకటనలు రాసే ఆఫీసు వాళ్ళు సెలవు కూడా నెలకే ఇచ్చారు.

పథకం: నా సొంత బ్రాండ్! పేరు ‘అచ్చంగా’. తైపేలో ఫాంగ్ మేడం అని ఒకావిడ దుకాణం ఉంది. మన దేశంలో తయారైనవి తప్ప ఇంకేమీ అమ్మదు. నెలాఖరులో తనే వచ్చి చూస్తానంది. నచ్చితే దుకాణంలో ముందు అర మనదే, ఏడాది పొడవునా ఆర్డరు. అది వస్తే అత్త యంత్రాలు అమ్మక్కర్లేదు. ఫోన్ పెట్టేముందు ఆవిడ ఒకటే మాటంది, అమ్మేవాళ్ళు తాము చెప్పినట్టు బతక్కపోతే కొనేవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుందని.

కాబట్టి ఒట్టు. ఈ నెలంతా నా మేజోళ్ళలోకీ నా నోట్లోకీ నా ఒంటి మీదకీ వెళ్ళే ప్రతిదీ ఇక్కడిదే. నూటికి నూరు పాళ్ళూ!

అత్తకి చెప్పాను. మిషను ఆపకుండానే విని, నెల తరవాత ఏమిటని అడిగింది. ఆర్డరు, అన్నాను. ఇంకేదో అడగబోయి మానేసింది.

విదియ

పొద్దున్నే టిఫిన్ కొట్టుకి వెళ్ళి సోయా పాలూ, వేయించిన పిండికాడా చెప్పాను. చెప్పాక అనుమానం వచ్చి సోయా గింజలు ఎక్కడివని అడిగాను. కొట్టాయన గోనెసంచి తిప్పి చూపించాడు. అమెరికా. పిండి? ఇంకో సంచి తిప్పాడు. అదీ అంతే. గుడ్డు? గుడ్డు ఇక్కడిదేనట! మరి కోడి తినే మొక్కజొన్న సంగతేమిటని అడిగేసరికి నన్ను పక్కకి జరగమన్నాడు. వెనక జనం ఉన్నారట.

తిన్నవి:
ఉడకబెట్టిన గుడ్డు. (కోడి సంగతి కోడి చూసుకుంటుంది.)
మధ్యాహ్నం అన్నం, చిలగడదుంప ఆకు వేపుడు. బియ్యం పక్క ఊరివే!
సాయంత్రం జామకాయలు.
రాత్రి జామకాయలు.

మా ఊళ్ళో జామతోటలకి కొదవలేదు. మేజోళ్ళ షెడ్లకీ కొదవలేదు. అసలు కొదవలేనిది చైర్మన్లకి. రెండు యంత్రాలున్న ప్రతివాడూ కార్డు మీద చైర్మన్ అని వేయించుకుంటాడు. నేనూ వేయించుకోవాలి!

చవితి

కార్డులు వచ్చాయి! ‘షియావ్ పెయ్‌రుంగ్, చైర్మన్’. ఒకటి అత్త చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, దాని మూలతో మిషన్లో ఇరుక్కున్న దూది పీకింది. బాగా గట్టి అట్ట అని మెచ్చుకుంది.

అదే ఊపులో ఫోన్లో పెట్టెలూ లేబుళ్ళూ కూడా ఆర్డరిచ్చేశాను. లేబుల్ మీద ఎర్రటి అక్షరాలతో ‘ప్రతి పోగూ ఇక్కడిదే’. ఎంత చవకో!

తరవాత నూలు మిల్లుకి వెళ్ళాను. (స్కూటర్ ఇక్కడిదే. పెట్రోలు గురించి తరవాత ఆలోచిస్తాను.) ఇక్కడే వడికిన నూలని గుమాస్తా ఛాతీ విరుచుకుని చెప్పాడు. మరి పత్తి? ఈ దీవిలో పత్తి ఎక్కడ పండుతుందమ్మా అని జాలిగా చూశాడు.

దారంతా ఆలోచించాను. అమ్మమ్మ గారింట్లో పుట్టినా ఇక్కడ పెరిగిన పిల్ల ఇక్కడి పిల్లే కదా. పత్తి అమెరికాలో పుట్టింది, నూలుగా ఇక్కడ పెరిగింది. సవరణ: పత్తికి మినహాయింపు. పత్తికి మాత్రమే! ఇంకేదానికీ లేదు!

అష్టమి

శుభవార్త! షెడ్డులో యంత్రాల మీద రంగు గీకి చూశాను. కింద మన పక్క ఊరి కంపెనీ పేరే ఉంది! ఎగిరి గంతేశాను. గీకినందుకు అత్త తిట్టింది.

దుర్వార్త. మేజోడు జారకుండా పట్టుకునే సాగుదారంలో రబ్బరు థాయ్‌లాండ్‌ది. ఇక్కడ రబ్బరు తోటలు లేవు. నేనిప్పుడు నాటినా ఫాంగ్ మేడం వచ్చేసరికి ఎదగవు. సవరణ: పత్తికీ రబ్బరుకీ మాత్రమే.

సాయంత్రం ఎండ మాడ్చేసింది. గుండ్ల టీ తాగాలనిపించింది. టీ మన కొండలది, పాలు మన ఆవులవి. అడుగున ఉండే నల్ల గుండ్లు మాత్రం కర్రపెండలంవి, థాయ్‌లాండ్ నుంచి వస్తాయి. గుండ్లు వద్దన్నాను. అప్పుడది ఉత్త టీ అవుతుంది, పేరు మార్చి బిల్లు కొట్టాలి అంది కొట్టమ్మాయి. మళ్ళీ ఆలోచించాను. గుండ్లు సాగుతాయి కదా. సాగేవన్నీ రబ్బరు సవరణ కిందికే వస్తాయి.

తాగాను. పెద్ద గ్లాసు.

ఏకాదశి

అత్త నాకు వేళ్ళ కుట్టు నేర్పుతోంది!

యంత్రంలోంచి మేజోడు గొట్టంలా వస్తుంది, వేళ్ళ దగ్గర నోరు తెరుచుకుని. ఆ రెండు అంచుల్లోని కన్నాల్ని ఒక్కొక్కటీ మిషను ముళ్ళకి తగిలించాలి. చక్రం తిరుగుతూనే ఉంటుంది, మన కోసం ఆగదు. ఒక్క కన్నం తప్పితే అక్కడ చిల్లు. సరిగ్గా పడితే మాత్రం కుట్టు ఉందని వేళ్ళకే తెలియదు.

నా మొదటి మేజోడు: రెండు చిల్లులు, రెండు కాళ్ళ బొటనవేళ్ళకీ దారి ఉంది. రెండోది: బాగానే వచ్చింది గానీ నా చొక్కా అంచుతో కలిపి కుట్టేశాను. అత్త కత్తెర తెచ్చి నన్ను విడిపించింది. విడిపిస్తూ నవ్వింది, నవ్వుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పెళ్ళి చేసుకోకుండా యంత్రాల్ని కట్టుకుందని మా నాన్న ఏడిపిస్తే నవ్వేది కదా, అలాంటి నవ్వు. ఎన్నాళ్ళయిందో విని.

వరండాలో రెండో కుర్చీ పడింది. నేను వేయలేదు.

చతుర్దశి

తుఫాను. రేకులు దడదడ. రేపు పౌర్ణమి. ఊరంతా కార్ఖానాల ముందు బల్లలు వేసి అన్నదమ్ములకి భోజనం పెట్టే రోజు. మొత్తం బాధ్యత నాదే అన్నాను. బల్ల మీద పెట్టే ప్రతిదీ కూడా ఇక్కడిదే! అత్త ఒకటికి రెండుసార్లు, ఖాయమేనా, అంది.

పౌర్ణమి

పొద్దున సంతకి వెళ్ళాను. తుఫాను దెబ్బకి మన పళ్ళు ఒక్కటీ రాలేదు. అరటి లేదు, డ్రాగన్ పండు లేదు. గుట్టలు గుట్టలుగా ఉన్నవి విదేశీ ఆపిల్ పళ్ళే. చేయి చాచాను. వెనక్కి తీసుకున్నాను. నిష్ఠ అంటే నిష్ఠే!

మధ్యాహ్నానికి బల్ల సిద్ధం. మన బియ్యం, మన టీ, మన బెల్లం, చేతులు కడుక్కోడానికి బేసిన్‌లో నీళ్ళు, తువ్వాలు. నాలుగు జతల మేజోళ్ళు కూడా పెట్టాను. వాళ్ళకి కాళ్ళుంటాయా అని అడిగితే అత్త నోరు మూయమంది. ఇక పళ్ళు. పళ్ళెం మీద ఎర్ర కాగితం కప్పేశాను.

అగరుబత్తీలు వెలిగాయి. పక్క షెడ్ల చైర్మన్లంతా వాళ్ళ వాళ్ళ బల్లల ముందు చేతులు జోడించారు. అప్పుడే గాలి వీచి కాగితం ఎగిరింది.

కింద జామకాయలు.

వీధిలో తలలన్నీ మా బల్ల వైపు తిరిగాయి. జామకాయ పూజకి పెట్టరు, అది మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. దాని గింజ మనిషి కడుపులోంచి చెక్కుచెదరకుండా బయటికి వచ్చి, పడిన చోట మళ్ళీ మొలుస్తుంది. అలా ఎక్కడెక్కడో తిరిగొచ్చిన కాయని అతిథుల ముందు పెట్టడమేమిటి! నాకూ తెలుసు. కానీ కాగితం కింద ఉంటే పరవాలేదనుకున్నాను.

అత్త నా వైపు చూడలేదు. బత్తీలు పైకెత్తి, అందరికీ వినబడేలా అన్నదమ్ములతోనే మాట్లాడింది. "నాయనలారా, ఇది నా తమ్ముడి కూతురు. పట్నంలో చదువుకుంది, అందుకని ఏమీ తెలియదు. మీరు పెద్ద మనసు చేసుకోండి."

చైర్మన్లంతా భుజాలు ఊగేలా నవ్వారు. పక్కింటాయన తన బల్ల మీది ఆపిల్ పళ్ళు నాలుగు తెచ్చి మా బల్ల మీద పెట్టాడు.

సవరణ: అన్నదమ్ములకి మినహాయింపు.

బహుళ విదియ

మూడో నంబరు యంత్రం ఆగిపోయింది. టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. జామకాయలు, అంది అత్త. సూది విరిగింది, అన్నాను నేను. ఎందుకు విరిగింది, అంది అత్త.

సూదుల పెట్టె తెరిచాను. జర్మనీ! యంత్రం ఇక్కడిదే, దాని పళ్ళు మాత్రం అక్కడివి. ఇక్కడి సూదుల కోసం మూడు ఊళ్ళు తిరిగాను. ఈ పాత రకానికి సరిపోయేది ఇక్కడ ఎవరూ చేయడం లేదట. వెనక్కి వచ్చేసరికి అత్త జర్మనీ సూది బిగించేసి, యంత్రం తిప్పేసి, నా కోసం నూడుల్స్ చేసి మూత పెట్టి ఉంచింది. గోధుమ నూడుల్స్. నేను తిననని చెప్పాను. వాసన చూస్తానని చెప్పాను. వాసన చూడటం తినడం కాదు.

గిన్నె ఖాళీ అయింది. ఎలాగో తెలియదు.

బహుళ సప్తమి

ఘోరం.

పెట్టెలూ లేబుళ్ళూ వచ్చాయి. లేబుళ్ళు ఎంత ముద్దుగా ఉన్నాయో! ఎర్రటి పట్టు దారంతో ‘ప్రతి పోగూ ఇక్కడిదే’. పార్సిల్ మీద పంపినవాళ్ళ చిరునామా చూశాను. సముద్రం అవతలది. లేబుల్ అక్కడే నేశారు, పెట్టె అక్కడే అచ్చేశారు. ఇక్కడిదే అని రాసి ఉన్న ఒకే ఒక్క వస్తువు ఇక్కడిది కాదు!

అందుకే అంత చవక.

సవరణలు రాసుకుందామని కూర్చున్నాను. పత్తి, రబ్బరు, గుండ్లు, అన్నదమ్ములు, సూదులు, అత్త చేసిన నూడుల్స్... లేబుల్ ఒక్కటే మిగిలింది, అదీ చేర్చాను. ఇప్పుడు నియమం కన్నా సవరణలే పొడుగ్గా ఉన్నాయి.

పరవాలేదు! ఫాంగ్ మేడంకి ఎవరు చెప్తారు? అత్తకి అదే అన్నాను. అత్త లేబుల్ని గోటితో తడిమి చూసి, కుట్టు బాగుంది అంది.

బహుళ ద్వాదశి

ఫాంగ్ మేడం వచ్చింది. పొట్టి జుట్టు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. పెట్టె వైపు చూడనే లేదు. మేజోడు తిరగేసి, వేళ్ళ కుట్టు మీద బొటనవేలు అటూ ఇటూ నడిపించింది. ఎవరు కుట్టారని అడిగింది. అత్త చేయెత్తింది, బళ్ళో పిల్లలా.

బాగుందని ఆవిడ ముఖం చెబుతోంది! అప్పుడు ఆవిడ తాపీగా అడిగింది, పత్తి సంగతి ఎలాగూ తనకి తెలుసు, మిగతావన్నీ ఇక్కడివేనా అని.

నేను నోరు తెరిచేలోపు అత్త అందుకుంది.

"అన్నీ ఇక్కడివేనమ్మా. లేబుల్ కూడా పక్క వీధిలో నేయించాం. నేను దగ్గర కూర్చుని నేయించాను."

మా అత్త! ఒక్క కన్నం తప్పినా కొనేవాణ్ణి పిలిచి చూపించే మనిషి. కళ్ళు నేలకి దించి, ఒళ్ళో వేళ్ళు నలుపుకుంటూ అబద్ధం చెప్తోంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మాట నేను చెప్పుంటే దులుపుకుని పోయేదాన్ని. అత్త నోట వినలేకపోయాను.

అంతా కక్కేశాను. లేబుల్, పెట్టె, రబ్బరు, సూదులు. ఊపిరి తీసుకోకుండా గుండ్ల టీ కూడా చెప్పేశాను. అది ఆవిడ అడగలేదు.

ఫాంగ్ మేడం మేజోడు మడిచి బల్ల మీద పెట్టింది. నిజం చెప్పని లేబుల్ని తన అరలో పెట్టలేనని, కోపం లేకుండానే చెప్పింది. రైలుకి టైమైందంది. అత్త ఆవిడకి ఒక సంచి నిండా జామకాయలిచ్చి సాగనంపింది.

గేటు వేసొచ్చి నా మీద విరుచుకుపడింది. ఇన్నేళ్ళ బతుకులో ఒక్క అబద్ధం ఆడితే అది కూడా నిలబెట్టనివ్వలేదని. అసలు ఎందుకు ఆడావని నేనూ గట్టిగానే అడిగాను.

"ఎందుకేమిటే? ఆర్డరొస్తే ఉంటావని."



బహుళ చతుర్దశి

తిన్నవి:
సోయా పాలు, రెండు గ్లాసులు.
వేయించిన పిండికాడలు. లెక్క పెట్టలేదు.
గొడ్డుమాంసం నూడుల్స్. మాంసం ఏ దేశానిదో రాసి గోడకి అంటించారు, అటు వీపు పెట్టి కూర్చున్నాను.
గుండ్ల టీ, గుండ్లు రెట్టింపు.
ఆపిల్ పళ్ళు, అన్నదమ్ములు మిగిల్చినవి.

జామకాయలు: సున్నా. జన్మలో వద్దు.

ఆఫీసు నుంచి మెసేజ్. సోమవారం రమ్మని. సరే అని కొట్టాను. పంపలేదు. చెరిపేశాను. మళ్ళీ కొట్టాను. లియు కూడా ఫోన్ చేశాడు, ఎల్లుండి పొద్దున లారీ తెస్తున్నానని. అత్త వరండాలో ఒక్కతే కూర్చుని కుడుతోంది. ఆర్డరు లేదు, కొనేవాళ్ళు లేరు, ఎవరి కోసం కుడుతోందో. అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఎనిమిదో నెల, పాడ్యమి

పాతాళం తలుపులు మూశారు. లియు లారీ గుమ్మంలో. తాళ్ళు, చక్రాల బల్ల, ఇద్దరు కూలీలు. నేను సంచీ సర్దుకుని మెట్ల మీద నిలబడి ఉన్నాను.

అత్త పంచాంగం పట్టుకుని బయటికి వచ్చింది. కళ్ళద్దాలు సర్దుకుని, ఈ రోజు బరువులు కదపడానికి మంచిది కాదంది. లియు రేపు వస్తానన్నాడు. రేపు అస్సలు కుదరదట. ఎల్లుండి? ఎల్లుండి దక్షిణం వైపు దోషం. లియు ఉండేది దక్షిణం వైపే. పౌర్ణమికి? చంద్రుడి పండగనాడు ఇంట్లో సామాను ఎవరైనా బయటికి పంపుతారా, అంది. వచ్చే నెల, ఆ పై నెల, వేలు పెట్టి చూపిస్తూ ఒక్కో రోజుకీ ఒక్కో వంక. లియు ఓపికగా విన్నాడు. చివరికి తన ఫోన్లో కేలెండరు మూసేసి, మీరే చెప్పండి అక్కా, ఏ రోజు రమ్మంటారు అన్నాడు.

అత్త పంచాంగం మూసింది.

"వచ్చే ఏడు ఏడో నెలలో రా. తీరిగ్గా ఉంటాను."

దయ్యాల నెలలో యంత్రం కొనేవాడు ఈ దీవిలో పుట్టలేదు. లియుకి అర్థమవడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక తల గోక్కుని, నవ్వి, కూలీల్ని లారీ ఎక్కమన్నాడు.

ఎందుకిలా చేశావని అడిగితే అత్త నా వైపు చూడకుండా, తన యంత్రాలు తన ఇష్టమంది. నెల రోజులు ఇంట్లో గోల అలవాటైపోయిందట, ఇప్పుడు షెడ్డు కూడా ఖాళీ అయితే చెవులు గుయ్యిమంటాయట. నువ్వు పో, రైలు తప్పుతుంది, అంది.

నేను కదల్లేదు. సంచీ మెట్ల మీదే వదిలేసి, మళ్ళీ మొదలుపెట్టాను!

కొత్త ఒట్టు, ఈ రోజు నుంచే: ఏది ఎక్కడిదో అలాగే రాస్తాం. సవరణలు లేవు. ఎర్ర లేబుళ్ళన్నీ కత్తిరించి పారేశాను. నా చైర్మన్ కార్డులు బోలెడు మిగిలాయి, బాగా గట్టి అట్ట. వాటిని తిరగేసి వెనక పెన్నుతో రాశాను.

‘పత్తి అమెరికాది. సాగుదారం థాయ్‌లాండ్‌ది. సూదులు జర్మనీవి. నూలు మన మిల్లుది. వేళ్ళ కుట్టు మా అత్త జిన్‌యేది. కాళ్ళు మీవి.’

ఒకదాని ఫోటో తీసి ఫాంగ్ మేడంకి పంపాను. సాయంత్రానికి జవాబు. అర సంగతి తరవాత చూద్దాం, ముందు నా కాళ్ళకి ఒక జత పంపండి అని. ఒక జత! ఆర్డరే! ‘అచ్చంగా’ మొదటి ఆర్డరు! వరండాలో గెంతాను.

అత్త కార్డు అడిగి తీసుకుంది. వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. అమెరికాది, థాయ్‌లాండ్‌ది, జర్మనీవి, అన్నీ రాశావు గానీ ఇందులో ఒకటి తక్కువైందంది. ఏమిటని అడిగాను.

"నువ్వు," అంది. "నువ్వెక్కడిదానివో రాయలేదు."

ఆఫీసుకి రానని మెసేజ్ పంపి, పెన్ను తీసుకుని కార్డు కింద ఇంకో వరస రాశాను. ‘మేనకోడలు ఇక్కడిదే.’ అత్త రెండుసార్లు చదివింది. నా కుర్చీ మిషను దగ్గరికి లాగి, ముళ్ళకి తగిలించమని ఒక మేజోడు నా ఒళ్ళో పడేసింది.